సంక్రాంతి సెలవులు, ఇంట్లో నలుగురు పిల్లలు: కాగితంతో ఏం చేయించొచ్చు?

బ్రాడీపేట అమ్మ:
అందరికీ నమస్కారం అండి. మాది గుంటూరు. ఈసారి పండక్కి మా ఆడపడుచు వాళ్లు, మా మరిది వాళ్లు మా ఇంటికే వస్తున్నారు. మా వాడితో కలిపి పిల్లలు నలుగురవుతారు. మరిది కూతురికి మూడేళ్లు, మా వాడికి ఆరు, ఆడపడుచు కూతురికి తొమ్మిది, కొడుక్కి పదమూడు. భోగికి ముందే దిగి ముక్కనుమ అయ్యాక వెళ్తారు. పెద్దవాళ్లం అందరం అరిసెల పాకం దగ్గర, జంతికల గొట్టం దగ్గర ఉంటే పిల్లలు పొద్దస్తమానం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, అదే నా టెన్షన్. కాగితంతో ఏమైనా చేయిద్దామని ఉంది, ఖర్చు తక్కువ, పాడైనా బాధ ఉండదు. కానీ నలుగురినీ కలిపి ఎలా కూర్చోబెట్టాలో తెలియట్లేదు. పెద్దవాడికి నచ్చేది చిన్నదానికి చేతకాదు, చిన్నదానికి వచ్చేది పెడితే పెద్దవాడు "ఇది ఎల్‌కేజీ పని అత్తా" అని లేచి వెళ్లిపోతాడు. మధ్యలో మా వాడు, ఎవరు ఏం చేస్తుంటే అదే తనకీ కావాలంటాడు. మేం సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం, దానికి పనికొచ్చేవైతే మరీ మంచిది. మీ ఇళ్లలో పిల్లలు నిజంగా కుదురుగా కూర్చుని చేసినవి చెప్పండి.

మూడో క్లాసు టీచరు:
విజయవాడ నుంచి రాస్తున్నానండి. ముందు మూడేళ్ల పాప సంగతి చెప్తాను, ఎందుకంటే అందరూ ఆ వయసు పిల్లల్ని "నువ్వు పక్కకి కూర్చో అమ్మా" అనేస్తారు, అక్కణ్నుంచే ఏడుపు మొదలవుతుంది. ఆ పాపకి కత్తెర వద్దు, చింపే పని ఇవ్వండి. పాత న్యూస్ పేపరు ఇచ్చి చింపమంటే ఆ పిల్లకి అంతకంటే సంబరం ఉండదు. ఒక్కటి గమనించండి, పేపరుని పైనుంచి కిందికి చింపితే నిటారుగా పట్టీల్లా వస్తుంది, అదే అడ్డంగా చింపితే వంకరటింకరగా ఎటో పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి పరుచుకుంటుంది, అందుకే అలా. కాబట్టి పై అంచు మీద మీరు చిన్నగా గాటు పెట్టి ఇవ్వండి, మిగతాది తను రెండు చేతులతో లాగేసుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకుని ఒక చెయ్యి ముందుకి, ఒక చెయ్యి వెనక్కి లాగుతుంది చూడండి, రేపు పెన్సిలు పట్టడానికి కావలసిన బలం అక్కడే వస్తుంది. బళ్లో చేరాక అక్షరాలు దిద్దించేటప్పుడు ఆ తేడా మాకు స్పష్టంగా తెలుస్తుంది.

చింపడం అయ్యాక ఉండలు చుట్టడం, తర్వాత జిగురు పూసి అతికించడం. నాలుగు, ఐదేళ్లకి మొనలేని చిన్న కత్తెర ఇవ్వొచ్చు, ముందు అంచు చుట్టూ కుచ్చులా ఒక్కొక్క గాటు పెట్టడమే. ఆరేళ్లకి గీత మీద కత్తిరిస్తారు. వంపులు ఏడు, ఎనిమిది దాటాక కుదురుతాయి, అప్పుడైనా తిప్పాల్సింది కత్తెరని కాదు, కాగితాన్ని. ఈ ఒక్క మాట చెప్తే చాలామంది పిల్లలకి గుండ్రం వచ్చేస్తుంది.

పటమట వాళ్లం:
ఇంత శ్రమ దేనికండి? బీసెంట్ రోడ్డులో క్రాఫ్ట్ కిట్లు దొరుకుతాయి, వయసు పెట్టె మీదే రాసుంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కొని తలో మూల కూర్చోబెట్టండి. గొడవే ఉండదు. పండగ పూట మనకి మాత్రం తీరికెక్కడుంది?

తెనాలి మాస్టారు:
పటమట అమ్మా, తీరిక లేదన్న మాట నిజమే. కానీ తలో మూల కూర్చోబెడితే పని తొందరగా అయిపోతుంది, తర్వాత మళ్లీ ఫోనే. నలుగురికీ నాలుగు బొమ్మలు వెతకడం దగ్గరే చిక్కొస్తోందని నా అభిప్రాయం. ఒక్కటే పెద్ద పని పెట్టండి, అందులో నాలుగు రకాల చేతులకీ చోటుండేట్టు చూడండి. బొమ్మల కొలువు పెట్టే ఇల్లు అంటున్నారు కదా, దాని ముందు ఒక ఊరు కట్టించండి. మన వైపు కొలువుల్లో పిల్లలు పార్కు, రైలు, తిరుమల కొండ చేయడం ఎప్పుడూ ఉన్నదే. మీరు గుంటూరు వాళ్లు, చుట్టాలు వచ్చేది కృష్ణ దాటి అయితే ప్రకాశం బ్యారేజీనే కట్టించండి.

లెక్క చెప్తాను వినండి, ఇది మీ పదమూడేళ్ల వాడి కోసం. బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు, గేట్లు 70. వెయ్యో వంతు చేస్తే 122 సెంటీమీటర్లు దాటుతుంది, అంటే దాదాపు నాలుగడుగుల బల్ల. ఒక్కొక్క గేటుకి వచ్చేది 1.75 సెంటీమీటర్లు. అది స్కేలు పెట్టి డెబ్బైసార్లు గుర్తు పెట్టాలంటే ఎవరికైనా విసుగే. అలా కాకుండా పొడవాటి పట్టీ మీద ఏడేసి సెంటీమీటర్లకి ఒక గుర్తు పెట్టమనండి, ఆ ఏడుని సగానికి మడిస్తే మూడున్నర, మళ్లీ సగానికి మడిస్తే 1.75. ఏడు సెంటీమీటర్లవి పదిహేడు, చివర మూడున్నరది ఒకటి, మొత్తం డెబ్బై గేట్లు వచ్చేస్తాయి. ఈ లెక్క మీరు చెప్పేయకండి. కాగితం, స్కేలు, 1223.5 అన్న అంకె ఇచ్చి వాణ్ని కూర్చోబెట్టండి. పదమూడేళ్ల వాడికి ఎల్‌కేజీ పని చేయమంటే కోపం వస్తుంది కానీ ఇంజినీరు పని అంటే రాదు.

మడతలు పెట్టడం తొమ్మిదేళ్ల అమ్మాయిది. విసనకర్ర మడతలాగా ఒకటి పైకి, ఒకటి కిందికి. ముందు ఒక ప్రయోగం చేయించండి. రెండు పుస్తకాల మధ్య జానెడు ఎడం ఉంచి మామూలు తెల్ల కాగితం పరిచి దాని మీద చిన్న స్టీలు గ్లాసు పెట్టమనండి, కాగితం కుంగి గ్లాసు కింద పడుతుంది. అదే కాగితాన్ని వేలెడు వెడల్పు మడతలు పెట్టి, మడతలు ఈ పుస్తకం నుంచి ఆ పుస్తకానికి పోయేట్టు పరిచి గ్లాసు పెడితే నిలబడుతుంది. ఆ పిల్ల కళ్లలో వచ్చే ఆశ్చర్యం చూడటానికైనా చేయించాలి. బ్యారేజీ పైన రోడ్డు కింద ఆ మడతల కాగితమే పెడితే కొండపల్లి ఎడ్లబండి ఎక్కించినా ఆగుతుంది.

ఎత్తు మాత్రం లెక్క ప్రకారం చేయకండి, వెయ్యో వంతు అంటే బొత్తిగా కనపడదు. నాలుగంగుళాలు పెంచుకోండి.

బ్రాడీపేట అమ్మ:
మాస్టారూ, ఇది చాలా బాగుందండి! వాళ్లు వచ్చేది నూజివీడు నుంచి, బ్యారేజీ మీదుగా రావడమంటే పిల్లలకి మహా ఇష్టం. మరి మా ఆరేళ్ల వాడు ఏం చేస్తాడు? చిన్నది? ఇంకోటి, జిగురు ఏది వాడాలి? ఫెవికాల్ డబ్బా ఇస్తే సగం చేతులకే పూసుకుంటున్నారు.

మూడో క్లాసు టీచరు:
మాస్టారి ఆలోచనకి నాది కలుపుతాను. ఆరేళ్ల వాడికి పడవలు. కాగితం పడవ ఆ వయసుకి సరిగ్గా సరిపోయే మడత, పెద్ద కాగితంతో నేర్పించి తర్వాత చిన్న కాగితాలివ్వండి, రోజువారీ క్యాలెండరులో చింపేసిన తేదీ కాగితాలు దీనికి ఎంత బాగుంటాయో. పోయిన సంవత్సరం క్యాలెండరు ఇంకా ఉంటే పారేయకండి. నది మీద పడవలు ఎన్నుంటే అంత అందం, కాబట్టి వాడు పదిసార్లు చేసినా పదీ పనికొస్తాయి, ఒక్కటీ వృథా పోదు. అందరిలో తనదే ఎక్కువ కనపడుతుంది కాబట్టి అక్క దగ్గర లాక్కోవడం కూడా తగ్గుతుంది.

మూడేళ్ల పాపకి ఇంద్రకీలాద్రి. బ్యారేజీకి బెజవాడ వైపు కొండ కావాలి కదా, న్యూస్ పేపరు ఉండలన్నీ తనే చుట్టాలి. వాటిని ఒక పాత అట్టపెట్టె మీద పేర్చి, పైన తడి పేపరు ముక్కలు జిగురుతో అతికిస్తే కొండ. పచ్చ కాగితం చింపి పోస్తే చెట్లు. సీతానగరం వైపు, అంటే మీ గుంటూరు వైపు మిర్చి యార్డు పెట్టించండి. ఎర్ర కాగితం చిన్న చిన్న ముక్కలు చింపి మెలిపెడితే అచ్చం ఎండుమిర్చి. మెలిపెట్టడం మూడేళ్ల చేతులకి బాగా వస్తుంది, చిన్న గోనెగుడ్డ సంచుల్లో నింపితే అదే ఆటైపోతుంది.

మంగళగిరి అమ్మమ్మ:
జిగురు సంగతి నేను చెప్తానమ్మా. మైదా రెండు చెంచాలు కొంచెం చల్లనీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, గ్లాసుడు నీళ్లు పోసి సన్న సెగ మీద కలుపుతూ ఉంటే తెల్లదనం పోయి అద్దంలా తేలుతుంది, అప్పుడు దించేయడమే. చల్లారాక వాడుకోండి. పిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేదు. రెండో రోజుకి పులుపు వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రోజు ఆగుతుంది. కొంతమంది పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు, పూర్వం పుస్తకాలకి అట్టలు వేసేవాళ్లు అలాగే చేసేవారు, కానీ అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ పొడి జోలికే పోవద్దు.

ఇంకొక పని చెప్తాను, మా రోజుల్లో ప్రతి ఇంట్లో ఉండేది, ఇప్పుడెవరూ చేయట్లేదు. పాత కాగితాలు ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టి, నానిన మెంతులు కలిపి మెత్తగా రుబ్బి, వెదురు చేటలకీ తట్టలకీ అలికేవాళ్లం. ఆరితే గట్టిగా అట్టలా అయ్యేది, కన్నాలన్నీ పూడిపోయి పిండి జల్లించుకున్నా కారేది కాదు, మెంతుల వల్ల పురుగూ పట్టేది కాదు. అదే గుజ్జుని స్టీలు గిన్నె బోర్లించి దాని మీద అలకనివ్వండి పిల్లల్ని. గిన్నెకి ముందు నూనె రాయాలి, లేకపోతే ఊడి రాదు. వేలు మందాన అలికితే లోపల ఆరక బూజు పడుతుంది, అట్టు మందం చాలు. ఈ పుష్యమాసం ఎండకి ఒకటి రెండు రోజులు డాబా మీద పెడితే గిన్నె నుంచి కాగితం గిన్నె విడిపోతుంది. రంగు వేసి కొలువులో పేరంటానికి పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. చేతులు గుజ్జులో పెట్టి పిసకడం పదమూడేళ్ల వాడికీ మూడేళ్ల దానికీ ఒకే ఇష్టం. నేను చూశాను.

లక్ష్మీపురం:
అమ్మమ్మగారూ, మెంతుల వాసన ఇల్లంతా ఉండదా?

మంగళగిరి అమ్మమ్మ:
తడిగా ఉన్నంతసేపే తల్లీ. ఆరాక ఏమీ ఉండదు.

వన్‌టౌన్ కాగితాలు:
మా ఇంట్లో తరతరాలుగా స్టేషనరీ వ్యాపారం, విజయవాడ వన్‌టౌన్‌లో. కాగితం గురించి నాలుగు మాటలు చెప్తాను, ఎందుకంటే చాలామంది అన్నిటికీ చార్టే కొంటారు, తర్వాత పిల్లలకి మడత రాలేదని తిడతారు. మడతలకి పలుచటి కాగితం కావాలి, మామూలు జిరాక్స్ కాగితం 70 లేదా 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది, అది చాలు. రంగు జిరాక్స్ కాగితం కట్టగా తీసుకుంటే విడి ఒరిగామి కాగితాల కంటే చవక. చదరం కావాలంటే పై మూలని పక్క అంచుకి కలిసేట్టు ఐమూలగా మడిచి, కింద మిగిలిన పట్టీని తీసేయడమే, ఆ పట్టీలు పారేయకండి, గొలుసులకి వస్తాయి. చార్టు నిలబడాల్సిన వాటికి, అంటే గోడలు, రోడ్డు, గోపురం. దానికి కూడా పీచు దిక్కు ఉంటుంది, మెల్లగా రెండు వైపులా వంచి చూడండి, ఎటు సులువుగా వంగితే ఆ వైపే మడత తీసుకోండి, పగలదు. మడిచే చోట ముందు రాయని పెన్నుతో స్కేలు పెట్టి ఒక గీత గట్టిగా లాగితే మడత కత్తిలా వస్తుంది.

నదికి నీలం జిలెటిన్ పేపరు తీసుకోండి, కింద తెల్ల చార్టు నలిపి పరిచి పైన ఇది వేస్తే అలలు కనపడతాయి. కొనకుండా దొరికేవి కూడా చెప్తాను. పాత శుభలేఖలు అన్నిటికంటే మంచి అట్ట, పైగా బంగారు రంగు అచ్చు ఉంటుంది, అమ్మవారి గుడి గోపురానికి అవే వాడండి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్క కత్తిరించి విడిగా తీసి ఉంచండి, చాలామంది పెద్దవాళ్లు అది కాళ్ల కింద పడితే బాధపడతారు. చీరల పెట్టెలు, టూత్‌పేస్టు డబ్బాలు ఇళ్లకి, బస్సులకి. గుంటూరులో అయితే మీకు పట్నం బజారు ఉండనే ఉంది.

గుణదల:
మా ఇంట్లో క్రిస్మస్ అయిపోయింది కానీ స్టార్ ఇంకా వరండాలోనే వేలాడుతోంది, జనవరి నెలంతా ఉంచుతాం. అది మా పెద్దవాడు చేసిందే, వాడికి పద్నాలుగు. మీ మేనల్లుడికి బ్యారేజీ అయిపోతే ఇది చెప్పండి. సన్నటి వెదురు బద్దలు ఐదు తీసుకుని మధ్యలో చేతులు ఎత్తకుండా స్టార్ గీసినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి, చివర్లు దారంతో కట్టాలి. అలాంటివి రెండు చేసి, ఐదు మొనల దగ్గరా కలిపి కట్టేసి, లోపల ఐదు మూలల దగ్గర వేలెడు పొడవు పుల్లలు అడ్డం పెడితే మధ్యలో ఉబ్బుతుంది. దాని మీద గాలిపటం కాగితం అతికించాలి, అక్కడే ఓపిక కావాలి, కాగితం బిగువుగా లేకపోతే బల్బు వెలిగినప్పుడు ముడతలన్నీ కనిపిస్తాయి. అతికించాక నీళ్లు చిలకరించి ఆరనిస్తే బిగుసుకుంటుంది. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, మామూలు బల్బు వేడికి కాగితం అంటుకునే ప్రమాదం ఉంది.

మా పక్కింటి ముస్లిం పిల్లలు దీన్ని చూసి వెళ్లి రంజాన్‌కి నెలవంక చేశారు, అదే పద్ధతి, వెదురు బద్ద వంచడానికి మాత్రం ముందు నీళ్లలో నానబెట్టారు.

అరండల్‌పేట గాలిపటం:
సంక్రాంతి అంటూ గాలిపటం మాటే ఎవరూ ఎత్తలేదేంటి? పదమూడేళ్ల వాడికి, తొమ్మిదేళ్ల పిల్లకి కలిపి ఇదొక్కటి చాలు. కొన్నది ఎగరేయడం వేరు, తను కట్టింది పైకి లేవడం వేరు. మూరెడు చదరం పలుచటి కాగితం, న్యూస్ పేపరైనా పర్వాలేదు. ఒక బద్ద నిటారుగా ఐమూలగా, రెండోది విల్లులా వంచి. కొబ్బరి ఈనెలతో కూడా చిన్న గాలిపటం అవుతుంది, కానీ ఈనె ఒక చివర లావు, ఒక చివర సన్నం, అందుకని విల్లుకి రెండు ఈనెలు ఎదురెదురుగా కలిపి కట్టాలి, లేకపోతే ఒక పక్కకి గింగిరాలు కొట్టుకుంటూ కింద పడుతుంది. వేలి మీద మధ్యలో నిలబెట్టి చూస్తే ఏ పక్క బరువో తెలిసిపోతుంది. ఫెవికాల్ వద్దు, తడికి కాగితం ముడుచుకుపోతుంది, బరువు కూడా. మెత్తటి అన్నం మెతుకు నలిపి సన్నగా రాయండి, మా నాన్న దగ్గర నుంచి నేను నేర్చుకున్నది అదే. కింద పేపరు తోక పెడితే కొత్తవాళ్ల చేతిలో కూడా నిలకడగా ఉంటుంది. సూత్రం, అంటే గాలిపటానికి పైనా కిందా వేసే దారపు ముడి, కట్టేటప్పుడు పై దారం కొంచెం పొట్టిగా ఉండాలి, గాలిపటం కాస్త ముందుకి వంగి గాలి మీద ఆనుకుంటుంది.

దారం విషయంలో గట్టిగా చెప్తున్నాను, నూలు దారమే. నైలాన్ మాంజా మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధం పెట్టింది, అయినా చాటుగా అమ్ముతూనే ఉన్నారు. బైకు మీద వెళ్లే వాళ్ల గొంతులు తెగుతున్నాయి, పక్షులు రెక్కలు తెగి చెట్లకి వేలాడుతున్నాయి. పిల్లల చేతికి అది ఇవ్వకండి, ఎవరైనా తెచ్చినా తీసేసుకోండి. కరెంటు తీగలు దగ్గరున్న డాబా మీద అసలు ఎగరేయనివ్వొద్దు.

పటమట వాళ్లం:
గాలిపటం బాగుంది, మా వాళ్లకి కూడా చేయిస్తాను. కిట్టు మాత్రం ప్రయాణానికి మంచిదేనండి, కారులో మైదా జిగురు పెట్టుకుని కూర్చోలేం కదా. ఒక సందేహం. మా పాపకి ఎనిమిదేళ్లు, యూట్యూబులో చూసి మొదలుపెడుతుంది, వాళ్లు చేసినంత అందంగా రాలేదని నలిపి పడేసి ఏడుస్తుంది. ఏం చేయాలి?

మూడో క్లాసు టీచరు:
వీడియో తీసేయండి. నిజంగానే చెప్తున్నాను. వీడియోలో కనపడే ఆ ఒక్కటి పెద్దవాళ్లు చేసింది, మంచి కత్తెరతో, మంచి కాగితంతో, బాగా వచ్చింది ఏరి మరీ చూపిస్తారు. అది ఎదురుగా పెట్టుకుని ఎనిమిదేళ్ల పిల్ల తన దాన్ని కొలుచుకుంటే ఏడుపు రాక ఏమొస్తుంది. బదులుగా మీరో, వాళ్ల నాన్నో పక్కన కూర్చుని అదే బొమ్మ చేయండి. మీ మడత కూడా ఒక్కోసారి వంకరపోతుంది, విప్పి మళ్లీ పెడతారు, అది చూడటమే తనకి పాఠం. తను చేసింది మీరు సరిచేయకండి. మూల కలవకపోతే "ఈ మూల ఎక్కడికి రావాలి?" అని అడగండి, అంతే. "బాగుంది బాగుంది" అని ఊరికే అన్నా పిల్లలకి తెలిసిపోతుంది. "ఈ మడత గట్టిగా నొక్కావు, అందుకే నిలబడింది" అంటే నమ్ముతారు.

ఇంకా అలాంటి పిల్లలకి అచ్చుగుద్దినట్టు రావలసిన అవసరం లేని పనులు ముందు పెట్టండి. కాగితం మూడుసార్లు సగానికి మడిచి ఎనిమిది పొరలు చేసి, అంచుల్లో ఇష్టమొచ్చినట్టు కత్తిరించి విప్పితే ముగ్గు వస్తుంది, ప్రతిసారీ వేరే ముగ్గు, తప్పు అనేదే ఉండదు. పలుచటి కాగితమే పెట్టండి, లేకపోతే అన్ని మడతల మీద కత్తెర దిగదు.

బందరు రోడ్డు:
మిగిలిన కాషాయ, ఎరుపు, పచ్చ, తెల్ల కాగితాలు దాచిపెట్టండి, పండగ అయిన పదిరోజులకే జనవరి 26. జెండా తోరణాలు చేయించేటప్పుడు పింగళి వెంకయ్యగారు 1921లో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది మన బెజవాడలోనే అని చెప్పండి, అక్కడ అప్పుడు కాంగ్రెస్ సమావేశం జరుగుతోంది. మొదట అందులో ఎరుపు, పచ్చ రెండు రంగులే, తెలుపు గాంధీగారు చెప్పాక చేరింది. మా పిల్లలతో ఆ పాత జెండా, ఇప్పటి జెండా పక్కపక్కన చేయించాను, మా తొమ్మిదేళ్ల వాడు బళ్లో అదే చెప్పి వచ్చాడు.

బ్రాడీపేట అమ్మ:
అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. వాళ్లు దిగారు, పని మొదలైంది! భోజనాల బల్ల గోడకి జరిపేశాం. మా మేనల్లుడు మొదట ఫోను వదల్లేదు, నేను ఏమీ అనలేదు, మాస్టారు చెప్పినట్టు కాగితం మీద 1223.5, 70 అని రాసి పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లాను. అరగంటకి వచ్చి "అత్తా, డెబ్బై గేట్లు పదిహేడున్నర భాగాల్లో వస్తాయి" అన్నాడు. ఇప్పుడు వాడే మేస్త్రీ. చెల్లెలి మడత ఒక్క మిల్లీమీటరు అటు ఇటు అయినా ఒప్పుకోవట్లేదు, దాంతో వాళ్లిద్దరికీ ఒక పెద్ద గొడవ కూడా అయింది, ఆ పిల్ల కాగితం విసిరేసి లేచిపోయింది. తర్వాత తనకి రోడ్డు మొత్తం అప్పజెప్పి, దాని జోలికి వాణ్ని రావొద్దన్నాను. సర్దుకున్నారు. మా వాడి పడవలు నదిలో చోటు చాలక సోఫా మీదకి కూడా వచ్చాయి. పాప మిర్చి మెలిపెట్టి మెలిపెట్టి అక్కడే నిద్రపోయింది, లేచాక మళ్లీ "మిక్కాయిలు" అంటూ అదే. మా అత్తగారు అమ్మమ్మగారి మెంతి గుజ్జు మాట వినగానే "మా అమ్మ చేసేది" అని తనే నానబెట్టారు.

రెండు సందేహాలు. గేట్లు నిలబడట్లేదు, మడతల పట్టీ నాలుగంగుళాల ఎత్తులో పక్కకి వాలిపోతోంది. రెండోది, కొండ మీద తడి పేపరు పొరలు రాత్రికి ఆరతాయా? రేపు బొమ్మలు పేర్చాలి.

తెనాలి మాస్టారు:
చాలా సంతోషం అమ్మా. మడతలు వాలిపోతున్నాయంటే కిందా పైనా పట్టు లేదన్నమాట. మడతల పట్టీని నిలబెట్టి, అడుగున రెండంగుళాల వెడల్పు చార్టు పట్టీ పొడవునా అతికించండి, పైన కూడా అలాగే. రెండు పట్టీల మధ్య బిగుసుకుంటే ఇక వాలదు. అది కూడా చాలకపోతే ప్రతి పదో గేటు వెనక జిరాక్స్ కాగితం గొట్టంలా చుట్టి స్తంభం పెట్టమనండి, గొట్టానికి చాలా బలం. నాలుగు గొట్టాలు నిలబెట్టి మీద లావుపాటి డిక్షనరీ పెట్టి చూపించండి మీ మేస్త్రీకి, స్తంభాలు వాడే చేసుకుంటాడు. మైదా జిగురు తడి ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టి ఉంచండి.

మంగళగిరి అమ్మమ్మ:
కొండ ఒక్క రాత్రికి లోపలి దాకా ఆరదమ్మా, పైపైనే ఆరుతుంది. ఇప్పుడే ఫ్యాను కింద పెట్టి, పొద్దున్నే ఎండలో పెట్టండి. పొరలు మూడు దాటితే ఇంక వేయొద్దు. తడిగా ఉన్నప్పుడు రంగు పూస్తే కారిపోతుంది, అందుకని రంగు జోలికి పోకుండా పాప చింపిన పచ్చ కాగితాలే చిక్కటి జిగురుతో అతికించేయండి. మట్టి బొమ్మలు కొండ మీద పెట్టకండి, కింద అట్ట మెత్తబడి ఉంటుంది. ఎల్లుండి పెట్టుకోవచ్చు.

వన్‌టౌన్ కాగితాలు:
నది జిలెటిన్ కింద చార్టు కూడా పూర్తిగా ఆరాకే పరవండి, తడి ఉంటే లోపల ఆవిరి పట్టి మసకబారుతుంది. అంచులు జిగురుతో కాదు, సెల్లోటేపుతో అంటించండి, జిలెటిన్‌కి మైదా పట్టదు.

బ్రాడీపేట అమ్మ:
క్లిప్పులు పెట్టేశాం. గొట్టాల మీద వాళ్ల మామయ్య పంచాంగాలు, టెలిఫోన్ డైరెక్టరీ కలిపి పెట్టినా ఆగాయి, ఇప్పుడు వాడు ఇంకెన్ని ఆగుతాయో చూస్తానని పుస్తకాల అలమర ఖాళీ చేస్తున్నాడు. కొండ ఫ్యాను కింద ఉంది. పేరంటం కనుమ ముందు రోజు సాయంత్రం, గుంటూరులో ఉన్నవాళ్లు ఎవరైనా పిల్లల్ని తీసుకుని రండి, ఇక్కడ మెసేజ్ పెడితే అడ్రసు పంపిస్తాను.

లక్ష్మీపురం:
మేం దగ్గరేనండి, వస్తాం. మా ఇద్దరికీ నాలుగు, ఏడు. ఖాళీ చేతులతో ఎందుకు, గంగిరెద్దు చేసి తెస్తాం, టూత్‌పేస్టు డబ్బా ఒళ్లు, శుభలేఖ కొమ్ములు, పాత చీర అంచు ముక్కలు కప్పితే సరి. మీ రోడ్డు మీద పట్టేట్టు వెడల్పు ఎంత ఉంచారో చెప్పండి.

బ్రాడీపేట అమ్మ:
మేస్త్రీని అడిగాను. ఆరు సెంటీమీటర్లట. అంతకంటే లావైతే సీతానగరం ఒడ్డునే ఆపేస్తానంటున్నాడు.